గదిలో నిజం, చలిలో అబద్ధం: ఐస్ మేకర్ సెన్సర్‌ను పరీక్షించడం ఎలా

ఫ్రిజ్‌లో ఐసు రావడం ఆగిపోయిందని మెకానిక్‌ను పిలిస్తే, తలుపు తీసి రెండు నిమిషాలు చూసి "సెన్సర్ పోయిందండీ, ఐస్ మేకర్ సెట్టు మొత్తం మార్చాలి" అనడం మామూలైపోయింది. ఆ మాట నిజమూ కావచ్చు. కానీ ఏం కొలిచి అలా అన్నారు, ఎంత చలిలో కొలిచారు అని అడిగితే సరైన జవాబు రావడం అరుదు. మీటరు పెట్టి "బాగానే ఉంది" అని తిరిగి బిగించిన సెన్సరే అసలు దోషి అవ్వొచ్చు. "పోయింది" అని చెత్తబుట్టలో పడేసిన సెన్సర్ నిక్షేపంలా ఉండొచ్చు. ఈ రెండు పొరపాట్లకూ మూలం చాలావరకు ఒకటే. మైనస్ 10, మైనస్ 20 డిగ్రీల దగ్గర పనిచేయాల్సిన వస్తువును వంటింటి గట్టు మీద, 30 డిగ్రీల వేడిలో పరీక్షించి తీర్పు చెప్పేస్తున్నాం.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకుందాం. మన దగ్గర అమ్మే ఫ్రిజ్‌లలో చాలావాటి మీద ఐస్ మేకర్ అని రాసి ఉన్నా, లోపల ఉండేది చేత్తో మెలితిప్పి ముక్కలు రాల్చుకునే ట్రే మాత్రమే. దానికి కరెంటు లేదు, సెన్సర్ లేదు. ఇక్కడ మాట్లాడుకుంటున్నది తనంతట తానే నీళ్ళు పట్టుకుని, గడ్డకట్టించి, డబ్బాలోకి రాల్చే యంత్రం గురించి. అమెరికాలో 1953లో సర్వెల్ అనే కంపెనీ ఇళ్ళ ఫ్రిజ్‌లలోకి దీన్ని తెచ్చింది. ఇప్పుడు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళ ఇళ్ళలో ఇది సర్వసాధారణం. హైదరాబాద్, విశాఖ ఫ్లాట్లలో కూడా పక్కపక్క తలుపుల పెద్ద ఫ్రిజ్‌లతో పాటు వస్తోంది.

బోర్డుకు కళ్ళు లేవు

ఐస్ మేకర్ పని ఇలా సాగుతుంది. వాల్వ్ కొన్ని సెకన్లు తెరుచుకుని ట్రేలోకి సుమారు 100 మిల్లీలీటర్ల నీళ్ళు వదులుతుంది. చల్లగాలి ఆ ట్రే మీదుగా, కిందుగా తిరుగుతుంది. గడ్డకట్టిందని బోర్డు (ఫ్రిజ్‌ను నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) అనుకున్నాక మోటార్ ట్రేను బోర్లించి మెలితిప్పుతుంది, ముక్కలు డబ్బాలో పడతాయి. మళ్ళీ నీళ్ళు. మరో రకంలో ట్రే అల్యూమినియంతో ఉంటుంది. దాని కింద ఒక హీటర్ ముక్కల అంచులను కాస్త కరిగిస్తే, తిరిగే వేళ్ళలాంటివి వాటిని బయటికి తోస్తాయి.

ఇందులో కష్టమైన భాగం ఒక్కటే: గడ్డకట్టిందని తెలుసుకోవడం. బోర్డు ఐసును చూడలేదు. ట్రే అడుగున అంటించిన ఒక చిన్న సెన్సర్ ఏం చెబితే అదే దానికి తెలుసు. పాలు తోడుపెట్టే వేడికి వచ్చాయో లేదో గిన్నె బయట చెయ్యి పెట్టి చూసుకుంటామే, సెన్సర్ చేసేదీ అదే. లోపలి నీళ్ళ సంగతి ట్రే గోడ బయటినుంచి చెప్పాలి.

నీళ్ళు గడ్డకట్టే తీరు ఈ పనిని ఇంకా చిక్కు చేస్తుంది. 25 డిగ్రీల నీళ్ళు 100 గ్రాములు తీసుకుంటే, వాటిని 0 డిగ్రీలకు దించడానికి సుమారు 10.5 కిలోజౌళ్ళ వేడిని లాగేయాలి. అక్కడినుంచి వాటిని ఐసుగా మార్చడానికి 33.4 కిలోజౌళ్ళు లాగేయాలి, అంటే మూడు రెట్ల పైనే. ఈ రెండో భాగం జరుగుతున్నంతసేపూ నీళ్ళు 0 దగ్గరే నిలబడి ఉంటాయి. పైన, పక్కల పొర కట్టేసి నడుమ ఇంకా నీళ్ళే ఉన్నప్పుడు కూడా థర్మామీటర్ 0 అనే అంటుంది. అందుకే బోర్డు 0 చూడగానే ట్రే తిప్పదు. సెన్సర్ మైనస్ 9, మైనస్ 12 ప్రాంతానికి దిగేదాకా ఆగుతుంది. చాలా మోడళ్ళలో దాంతోపాటు ఇంత సమయం గడవాలన్న షరతు కూడా ఉంటుంది. ముక్క నడుమ కూడా గట్టిపడితేనే ట్రే అడుగు అంత చల్లబడుతుంది కాబట్టి ఆ లెక్క సరిపోతుంది, సెన్సర్ నిజం చెప్పినంతకాలం.

పాత అల్యూమినియం ట్రే రకాల్లో సెన్సర్ బదులు థర్మోస్టాట్ ఉండేది. రెండు లోహాల రేకు చలికి వంగి, మైనస్ 9 డిగ్రీల చుట్టుపక్కల స్విచ్ కలుపుతుంది. దాన్ని పరీక్షించడం సులువు: బాగా చల్లబరిస్తే కలవాలి, గదిలోకి తెస్తే విడిపోవాలి. ఇంతకు మించి అందులో చిక్కులేదు.

చల్లబడితే పెరిగే అంకె

ఇప్పటి సెన్సర్ పేరు థర్మిస్టర్. మామూలు లోహపు తీగ వేడెక్కితే దాని రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, పెరుగుతుంది. దీనికి పూర్తి ఎదురు: వేడెక్కితే తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. సిల్వర్ సల్ఫైడ్‌లో ఈ గుణాన్ని మైఖేల్ ఫారడే 1833లోనే గమనించాడు. 1930లో శామ్యూల్ రూబెన్ దీన్ని ఉపయోగపడే పరికరంగా మలిచాడు. ఇప్పుడు మాంగనీస్, నికెల్, కోబాల్ట్ ఆక్సైడ్లతో చేసిన చిన్న పూసను ప్లాస్టిక్‌లోనో ఎపాక్సీ అనే గట్టిపడే జిగురులోనో ముంచి రెండు వైర్లు బయటికి తీస్తారు.

అన్ని కంపెనీలూ ఒకే థర్మిస్టర్ వాడవు. కొందరిది 25 డిగ్రీల దగ్గర 5 కిలో ఓమ్ (రెసిస్టెన్స్‌ను కొలిచేది ఓముల్లో, కిలో ఓమ్ అంటే వెయ్యి ఓములు), కొందరిది 10, ఇంకొందరిది మరొకటి. మీ మోడల్ పట్టిక సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. చాలా ఫ్రిజ్‌లలో కింది ముందుపట్టీ వెనకనో, పై మూత లోపలో మడతపెట్టిన టెక్నికల్ కాగితం ఒకటి దొరుకుతుంది. దాన్ని పారేయకండి, అది బంగారం. ఇక్కడ లెక్కల కోసం బాగా వాడుకలో ఉన్న 10 కిలో ఓమ్ రకం ఒకటి తీసుకుంటాను. అది 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్, 0 దగ్గర సుమారు 27, మైనస్ 10 దగ్గర 42, మైనస్ 20 దగ్గర 68 చూపిస్తుంది.

బోర్డు ఈ అంకెను నేరుగా చదవదు. చాలా బోర్డుల్లో 5 వోల్టుల సరఫరా ఒక స్థిరమైన రెసిస్టర్ గుండా సెన్సర్‌కు వస్తుంది. ఆ రెండూ కలిసే చోట ఎంత వోల్టేజీ ఉందో చూసి బోర్డు చలిని లెక్కగడుతుంది. ఆ స్థిరమైన రెసిస్టర్ కూడా 10 కిలో ఓమ్ అనుకుంటే, గదిలో 2.5 వోల్టులు, మైనస్ 20 దగ్గర 4.4 దాకా వస్తుంది. వైరు తెగితే పూర్తిగా 5, రెండు వైర్లు కలిసిపోతే 0.

ఇక్కడ ఒకటి బాగా పట్టుకోవాలి. వైరు తెగితే బోర్డుకు కనిపించేది ఎక్కడా లేనంత చలి. వైర్లు కలిసిపోతే కనిపించేది మండే వేడి. రెండూ ఫ్రీజర్‌లో జరగని సంగతులే కాబట్టి బోర్డు వెంటనే గుర్తుపట్టి తెర మీద లోపం తెలిపే కోడ్ చూపిస్తుంది. కోడ్ వచ్చిన కేసు సులువైన కేసు. చిక్కంతా సెన్సర్ సగం చెడినప్పుడు. మైనస్ 20ని మైనస్ 9 అంటే బోర్డుకు అందులో తప్పేమీ కనిపించదు, అది నమ్మదగిన అంకే. అందుకే తెర మీద కోడ్ లేనంత మాత్రాన సెన్సర్ బాగున్నట్టు కాదు. "కోడేం రాలేదు కదా, సెన్సర్ కాదు" అనే మెకానిక్‌తో ఈ విషయంలో వాదించడానికి వెనుకాడొద్దు.

అబద్ధం ఎటువైపు?

సెన్సర్ చెప్పే అబద్ధాలు రెండు రకాలు, వాటి లక్షణాలు పూర్తిగా ఎదురెదురు.

మొదటిది దొంగ చలి. సెన్సర్ దారిలో ఎక్కడో అదనపు రెసిస్టెన్స్ చేరితే బోర్డుకు అంకె పెరిగి కనిపిస్తుంది, అంటే ఉన్నదానికన్నా చల్లగా. కనెక్టర్ పిన్నులకు పచ్చటి తుప్పు పట్టడం ఒక కారణం. ఇంకొకటి మెలితిరిగే ట్రేలకే ప్రత్యేకం: సెన్సర్ ట్రేకే అంటుకుని ఉంటుంది కాబట్టి ట్రే తిరిగిన ప్రతిసారీ దాని వైర్లూ మెలిపడతాయి. రోజుకు 10 సార్లే అనుకున్నా ఏడాదికి 3,650 సార్లు, అదీ ప్లాస్టిక్ తొడుగు బిరుసెక్కే చలిలో. పైన తొడుగు చెక్కుచెదరకుండా ఉంటుంది, లోపల రాగి పోగులు ఒకటొకటిగా తెగుతుంటాయి. ఇలా 15 కిలో ఓమ్‌లు అదనంగా చేరాయనుకోండి. 0 డిగ్రీల దగ్గర 27కి 15 కలిస్తే 42. అది మైనస్ 10కి చెందిన అంకె. నీళ్ళు గడ్డకట్టడం ఇంకా మొదలైందో లేదో, బోర్డు మాత్రం అయిపోయిందనుకుంటుంది.

అలాంటి ఐసును చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది. పైకి మామూలు ముక్కే. రెండు వేళ్ళ మధ్య నొక్కితే గుడ్డు పెంకులా పటుక్కున విరిగి లోపలి నీళ్ళు అరచేతిలో కారతాయి. గోడ మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. డబ్బాలో పడేటప్పుడే ఇలాంటివి కొన్ని పగిలి, ఆ నీళ్ళు కిందికి జారి మళ్ళీ గడ్డకడతాయి. ముక్కలన్నీ ఒకే బండగా అతుక్కుపోతాయి. ఐసు తీసే మర అందులో ఇరుక్కుంటుంది. జనం అప్పుడు మర చెడిందనుకుంటారు.

దొంగ చలికి ఇంకో కారణం ఉంది, అందులో కరెంటు పాత్రే లేదు. సెన్సర్ మీద ఒక స్పాంజి ముక్కో ప్లాస్టిక్ మూతో ఉంటుంది. ఫ్రీజర్ చల్లగాలి నేరుగా సెన్సర్‌కు తగలకుండా, ట్రే చలి మాత్రమే తెలిసేలా అది కాపు కాస్తుంది. ఎవరో ఒకసారి విప్పి స్పాంజి లేకుండా బిగించినా, సెన్సర్ ట్రేకు ఆనకుండా వేలాడినా, అది కొలిచేది నీళ్ళను కాదు, మైనస్ 18 డిగ్రీల గాలిని. సెన్సర్ నూటికి నూరుపాళ్ళు నిజమే చెబుతోంది, కాకపోతే వేరే ప్రశ్నకు జవాబు. మీటరు దీన్ని ఎప్పటికీ పట్టుకోలేదు, కళ్ళతో చూడాల్సిందే. రిపేరు చేసి వెళ్ళిన వారంలోనే బోలు ఐసు మొదలైతే నా మొదటి అనుమానం ఈ స్పాంజి మీదే.

రెండో రకం అబద్ధం దొంగ వేడి. ఐస్ మేకర్‌లో రోజూ నీళ్ళు చిందుతాయి, గడ్డకడతాయి, కరుగుతాయి. ఈ ఒత్తిడికి సెన్సర్ ఎపాక్సీలో వెంట్రుకవాసి బీట పడితే తేమ లోపలికి పోతుంది. తేమ, నీళ్ళలోని లవణాలు, వైరు తుప్పు కలిసి రెండు వైర్ల మధ్య ఒక సన్నని దొంగదారి వేస్తాయి. కరెంటుకు ఇంకో దారి దొరికింది కాబట్టి మొత్తం రెసిస్టెన్స్ తగ్గి, బోర్డుకు వేడిగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఐసు ఆలస్యమవుతుంది. దొంగదారి ముదిరితే ట్రేలో ముక్కలు రాయిలా గట్టిపడి ఉంటాయి, వాటిని ఎవరూ రాల్చరు.

ఈ దొంగదారి 100 కిలో ఓమ్ అనుకుని లెక్క వేసి చూడండి. గదిలో సెన్సర్ అసలు విలువ 10, దొంగదారితో కలిపి 9.1. మీటరులో 9.1 చూసి ఎవరైనా "గది కొంచెం వేడిగా ఉంది, సెన్సర్ బాగుంది" అంటారు, తప్పు రెండున్నర డిగ్రీలే. 0 డిగ్రీల దగ్గర 27కి బదులు 21 చూపిస్తుంది, తప్పు దాదాపు 6 డిగ్రీలు. మైనస్ 20 దగ్గర 68కి బదులు 40 వస్తుంది, అంటే మైనస్ 9 అని చెబుతుంది. తప్పు 11 డిగ్రీలు! బోర్డు మైనస్ 10 కోసం చూస్తుంటే ఆ క్షణం ఎన్నటికీ రాదు. అదే సెన్సర్, అదే లోపం. గట్టు మీద కనబడదు, 0 దగ్గర కనబడుతుంది, ఫ్రీజర్‌లో ఐసు ఆపేస్తుంది. నిజానికి దొంగదారి విలువ కూడా స్థిరంగా ఉండదు, తేమను బట్టి మారుతుంది. కొన్ని ఫ్రిజ్‌లు ఒక వారం ఐసు ఇచ్చి ఒక వారం మానేయడానికి ఇదీ ఒక కారణం.

సెన్సర్ దాకా వెళ్ళకముందు

ఇంత చెప్పాక కూడా, ఐసు ఆగిందంటే ముందు సెన్సర్‌ను అనుమానించొద్దు. ఫ్రీజర్ నిజంగా మైనస్ 18 దగ్గర ఉందా? తెర మీది అంకెను నమ్మకండి, అది చాలా మోడళ్ళలో మీరు పెట్టిన లక్ష్యం మాత్రమే. ఒక థర్మామీటర్‌ను ఐస్ మేకర్ పక్కన రాత్రంతా ఉంచి పొద్దున్నే తలుపు తీసిన వెంటనే చూడండి. మైనస్ 12 ఉంటే సెన్సర్ తప్పేమీ లేదు, చలే చాలట్లేదు. మే నెలలో మన వంటిళ్ళు 42, 43 డిగ్రీలకు చేరతాయి. వెనక కాయిల్‌కు దుమ్ము పట్టి, తలుపు రబ్బరు వదులై, మధ్యలో కరెంటు పోతుంటే ఫ్రీజర్ మైనస్ 18 అందుకోవడం కష్టమే. టెక్సాస్‌లో గరాజ్‌లో రెండో ఫ్రిజ్ పెట్టుకున్నవాళ్ళకూ వేసవిలో ఇదే బాధ. అదే గరాజ్ చలికాలంలో బాగా చల్లబడితే ఇంకో తంటా: బయటే చల్లగా ఉందని కంప్రెసర్ తక్కువసేపు తిరుగుతుంది, ఫ్రీజర్ మెత్తబడుతుంది, ఐసు తగ్గుతుంది.

తర్వాత నీళ్ళు. వాల్వ్ సరిగ్గా పనిచేయాలంటే కనీసం 20 పీఎస్ఐ ఒత్తిడి అడిగే మోడళ్ళు చాలా ఉన్నాయి. ఆర్‌ఓ నుంచి పైపు లాగితే అంత ఒత్తిడి రాకపోవచ్చు. ఫిల్టర్ మూసుకుపోయినా ఇదే ఫలితం: ట్రేలోకి సగం నీళ్ళే వచ్చి చిన్న, పల్చటి ముక్కలు తయారవుతాయి. పల్చటి ముక్కను బోలు ముక్క అనుకోకండి. పల్చటిది లోపల గట్టిగా ఉంటుంది, బోలుదానిలో నీళ్ళుంటాయి. విరిచి చూస్తే తేడా తెలిసిపోతుంది. నీళ్ళు ట్రేలోకి పడే సన్నగొట్టం గడ్డకట్టి మూసుకుపోతే ఒక్క చుక్కా రాదు. ఐసు డబ్బా నిండిందని చెప్పే చువ్వ పైకి లేచి ఇరుక్కున్నా, కాంతితో చూసే రకంలో కిటికీ మీద మంచు పేరుకున్నా యంత్రం ఆగిపోతుంది. పైన రెండు తలుపులు, కింద ఫ్రీజర్ ఉండే ఫ్రెంచ్ డోర్ రకాల్లో చాలావాటికి ఐస్ మేకర్ పై అరలో సొంత గదిలో ఉంటుంది. ఆ గది చుట్టూ సీలు వదులైతే తేమగాలి లోపలికి చేరి, గదంతా మంచు దిబ్బ అవుతుంది. అక్కడ సెన్సర్ మార్చి లాభం లేదు. పైగా ఆ గదికి వేరే సెన్సర్, ట్రేకు వేరే సెన్సర్ ఉండొచ్చు. ఏది మారుస్తున్నారో అడగండి.

ఇక అన్నిటికన్నా విలువైన పరీక్ష టెస్ట్ బటన్. మెలితిరిగే ట్రే రకాల్లో చాలావాటికి ఐస్ మేకర్ అడుగునో ముందువైపో చిన్న బటన్ ఉంటుంది. కొన్ని సెకన్లు నొక్కిపడితే సెన్సర్ మాటతో పని లేకుండా ట్రే ఒకసారి తిరిగి నీళ్ళు పట్టుకుంటుంది. ముందు డబ్బా ఖాళీ చేసి, అడుగున ఒక తువ్వాలు వేయండి. ట్రేలో నీళ్ళుంటే అవన్నీ కింద పడతాయి. బటన్ నొక్కితే తిరిగి, నీళ్ళు పట్టి, తానంతట తాను మాత్రం ఎప్పటికీ తిరగకపోతే మోటార్, వాల్వ్, పైపు బాగున్నట్టే. మిగిలిన అనుమానితులు మూడే: చలి, సెన్సర్, బోర్డు. నొక్కినా కదలకపోతే సెన్సర్‌ను వదిలేయండి, మోటార్ వైపు వెళ్ళండి.

ఐసు గ్లాసు పరీక్ష

ప్లగ్ పీకేయండి, నీళ్ళ వాల్వ్ కట్టేయండి. మంచు పేరుకున్న చోట కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో పొడవొద్దు. చాలా కొత్త ఫ్రిజ్‌లలో ఉండే ఆర్ 600ఏ గ్యాస్ అంటుకునే గుణం ఉన్నది, గొట్టానికి చిల్లు పడితే ప్రమాదం. తలుపు తీసిపెట్టి కరగనివ్వండి.

మల్టీమీటర్ విషయంలో మూడు పొరపాట్లు పదేపదే జరుగుతాయి. మొదటిది బజర్ (వైరు తెగకుండా ఉంటే మోగే సెట్టింగు) పెట్టి చూడడం. బాగున్న థర్మిస్టర్‌కు బజర్ మోగదు, ఎందుకంటే దాని రెసిస్టెన్స్ వేలల్లో ఉంటుంది. మోగలేదు కాబట్టి పోయిందనడం తప్పు. మోగితే మాత్రం పోయినట్టే. రెండోది 20 కిలో ఓమ్ రేంజిలో చూడడం. చల్లటి సెన్సర్ 27 దాటుతుంది, ఆ రేంజిలో మీటరు అందుకోలేక ఎడమ పక్కన ఉత్త 1 చూపిస్తుంది. దాన్ని చూసి వైరు తెగిందనుకుంటారు. 200 కిలో ఓమ్ రేంజి పెట్టండి. మూడోది మీటరు మొనలను రెండు చేతులతో నొక్కిపట్టుకోవడం. మన ఒంటి రెసిస్టెన్స్ కూడా పక్కదారి అయి అంకెను తగ్గిస్తుంది, చేతులు తడిగా ఉంటే మరీ ఎక్కువగా. క్లిప్పులు వాడండి, లేదా ఒక మొననే ముట్టుకోండి.

సెన్సర్ ఊడివచ్చే రకమైతే ఒక గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, సందులు నిండేంత మాత్రమే చల్లటి నీళ్ళు పోయండి. నీళ్ళు ఎక్కువైతే అడుగు వెచ్చగా ఉండిపోతుంది. ఉప్పు తగలనివ్వొద్దు. కుల్ఫీ బండ్లవాళ్ళు ఐసులో ఉప్పు కలిపేది అది 0 కన్నా చాలా కిందికి దిగడానికే, మనకు కావలసింది సరిగ్గా 0. సెన్సర్ తల ఐసులో మునగాలి, కనెక్టర్ పైన పొడిగా ఉండాలి. మధ్యమధ్య కలుపుతూ అయిదారు నిమిషాలు ఆగండి. అంకె మొదట వేగంగా పెరిగి, తర్వాత నెమ్మదించి, ఒకచోట ఆగుతుంది. ఆగిన అంకెను మాత్రమే పట్టికతో పోల్చండి. మా ఉదాహరణలోని 10 కిలో ఓమ్ రకం అయితే 27 చుట్టుపక్కల నిలవాలి. 21 దగ్గర ఆగితే తేమ తిన్నట్టే. ఎక్కడా ఆగకుండా నెమ్మదిగా దిగుతూ పోతుంటే బీటలోంచి నీళ్ళు లోపలికి పోతున్నాయన్నమాట. అంతకన్నా రుజువు అక్కర్లేదు.

అంకె బాగుంటే, సెన్సర్ ఐసులో ఉండగానే వైరును మొదటినుంచి చివరిదాకా వేళ్ళతో వంచుతూ రండి, ముఖ్యంగా ట్రే తిరిగే ఇరుసు దగ్గర. ఒకచోట వంచినప్పుడు అంకె ఎగిరిపడితే లోపల పోగులు తెగింది అక్కడే. ఆ సెన్సర్ తలలో ఏ లోపమూ లేదు.

సెన్సర్‌ను ట్రేకు అతికించేసిన మోడళ్ళలో ఊడదీయబోతే విరుగుతుంది. అప్పుడు ఐస్ మేకర్‌ను ఆపుచేసి, ట్రే ఖాళీగా ఉండగా, పక్కన థర్మామీటర్ పెట్టి కొన్ని గంటలు వదిలేయండి. తర్వాత ప్లగ్ పీకి, కనెక్టర్ విప్పి వెంటనే కొలవండి. మైనస్ 18 దగ్గర మా ఉదాహరణ రకం 60 కిలో ఓమ్ చుట్టూ చూపాలి. నిజానికి గ్లాసు పరీక్ష కన్నా నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. అసలు చలిలో, అసలు వైర్లతో, అసలు చోట కొలుస్తున్నాం.

సెన్సర్ నిజమే చెబుతోందని తేలాక కూడా ట్రే తిరగకపోతే? అప్పుడు ఎలక్ట్రానిక్స్ దుకాణంలో రూపాయో రెండు రూపాయలో పెడితే దొరికే 68 కిలో ఓమ్ రెసిస్టర్ తెచ్చి, సెన్సర్ స్థానంలో కనెక్టర్‌కు తగిలించి చూడొచ్చు. 5 కిలో ఓమ్ రకమైతే దాదాపు సగం విలువ. బోర్డుకు అది మైనస్ 20లా కనిపిస్తుంది. నిర్ణీత సమయం గడిచాక ట్రే తిరిగితే బోర్డు పాసైంది, తిరగకపోతే బోర్డు వైపే వెళ్ళాలి. ప్లగ్ పీకి ఉన్నప్పుడే తగిలించాలి. హీటర్ ఉన్న రకాల్లో అదే కనెక్టర్‌లో పెద్ద వోల్టేజీ వైర్లు కూడా రావచ్చు, కాబట్టి వైర్ల పటం చేతిలో లేకుండా ఈ పనికి దిగొద్దు. అది లేనివాళ్ళు ఈ ఒక్క పరీక్షా టెక్నీషియన్‌తో చేయించుకోవడం మేలు.

తెగిన వైరును అతకాలంటే ఇన్సులేషన్ టేపు పనికిరాదు. చలికి దాని జిగురు పట్టు వదిలి తేమ లోపలికి చేరుతుంది, కొన్ని నెలలకు దొంగదారి మళ్ళీ తయారు. టంకం వేసి, లోపల జిగురు ఉండి వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. అతుకు ట్రే మెలిపడే చోట కాకుండా కదలని భాగంలో రావాలి. స్పాంజిని తిరిగి సరిగ్గా కూర్చోబెట్టాలి. ఆ తర్వాత ఒక రోజంతా వదిలేసి, మొదటి రెండు మూడు విడతల ఐసు పారబోసి, తర్వాతి విడతలో ఒక ముక్క విరిచి చూడండి.

కొన్ని కంపెనీలు సెన్సర్‌ను విడిగా అమ్మవు, మొత్తం ఐస్ మేకరే కొనమంటాయి. చిన్న పూస ఒక్కటి చెడినందుకు మోటార్, ట్రే, గేర్లు అన్నీ చెత్తలో కలపడం నాకు సహించదు. విడిగా దొరికినా ఒక జాగ్రత్త. బయటి దుకాణంలో ఇచ్చే సెన్సర్ చూడ్డానికి అచ్చం పాతదానిలాగే ఉంటుంది, కనెక్టర్ కూడా సరిపోతుంది. 5 కిలో ఓమ్ ఉండాల్సిన చోట 10 కిలో ఓమ్‌ది బిగిస్తే, 0 డిగ్రీల దగ్గరే అది 27 చూపిస్తుంది. 5 కిలో ఓమ్ లెక్కలో ఆ అంకెకు అర్థం మైనస్ 15 కన్నా తక్కువ. కోడ్ రాదు, బోర్డుకు అనుమానం రాదు, కొత్త సెన్సర్‌తో మొదటి రోజునుంచే బోలు ఐసు రాలుతుంది. అందుకని కొత్తదాన్ని కూడా బిగించకముందే అదే ఐసు గ్లాసులో ముంచి, ఆగిన అంకెను పట్టికతో సరిచూసుకోండి.